కాలిఫోర్నియా కబురు, టోవా పాయో భోజనం

ఆ ఆదివారం మధ్యాహ్నం సింగపూర్‌లోని టోవా పాయోలో, ఒకరింట్లో భోజనం చేస్తూ, ఆ ఇంటాయనకే అబద్ధం చెప్పాను. అతను నన్ను నమ్మి అడిగాడు. నిజం నాకు ముందురోజు పొద్దుటే తెలుసు. ‘నోరు జారింది’ అని రాయబోయి కొట్టేశాను. నోరేమీ జారలేదు. ఆలోచించుకునే చెప్పాను.

సింగపూర్ వెళ్ళొచ్చినవాళ్ళు రాసినవి నేనూ చదివాను. వీధుల శుభ్రం, పక్షుల పార్కు, కెమెరాల ధరలు. అవన్నీ నేనూ చూశాను, కొన్నిటి గురించి చెబుతాను కూడా. కానీ ఇది రాయడానికి కారణం ఆ భోజనం.

అది రెండు వేల సంవత్సరం ఏప్రిల్. హైదరాబాదులో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి సింగపూర్‌లో చిన్న ఆఫీసు ఉండేది. అక్కడ మన తెలుగువాళ్ళు ఐదుగురు కాలిఫోర్నియాలోని ఒక కంపెనీ కోసం పనిచేసేవారు. ఆ కంపెనీ ఇంటర్నెట్‌లో సోఫాలు, మంచాలు అమ్మేది. పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని నన్ను పంపారు. నేను అప్పటికీ ఇప్పటికీ అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు. అయినా సింగపూర్‌లో ఉన్న ఆ కొద్ది రోజులూ ఎక్కడికి వెళ్ళినా అమెరికాయే ఎదురైంది.

చాంగి విమానాశ్రయం నుంచి టాక్సీలో

టాక్సీ నడిపినాయన చైనా పెద్దమనిషి. అక్కడ పెద్దవాళ్ళెవరినైనా అంకుల్ అనే పిలుస్తారని విని, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను బాస్ అన్నాడు. ఆయన ఇంగ్లిషుని నా తెలుగులో చెబుతున్నాను. మాట చివర అక్కడివాళ్ళు ఊతగా తగిలించే ‘లా’ మాత్రం అలాగే ఉంచాను.

“కంప్యూటరా, బాస్?”

“ఎలా కనిపెట్టారు?”

“ఇండియా నుంచి భుజానికి నల్ల బ్యాగు తగిలించుకుని దిగేవాళ్ళంతా ఇప్పుడు కంప్యూటరే లా. ఎవరికి పని?”

అమెరికా వాళ్ళకని చెప్పాను. ఆయన అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

“నేనూ అమెరికాకి పనిచేశాను. గ్లాసులు కడిగాను.”

వియత్నాంలో యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా సైనికులు సెలవు గడపడానికి సింగపూర్ వచ్చేవారట. విమానాశ్రయం నుంచి బస్సుల్లో తెచ్చి హోటళ్ళలో దింపేవారట. ఈయన అలాంటి ఒక హోటల్లో పనివాడు.

“అందరూ కుర్రాళ్ళే. డబ్బు బాగా ఖర్చు పెట్టేవాళ్ళు. రాత్రి మాత్రం లైటు ఆర్పనిచ్చేవాళ్ళు కాదు. మా బాస్ వాళ్ళ కోసం పైన ఇంకో అంతస్తు వేశాడు. కొత్త మంచాలు, కొత్త ఫ్రిజ్‌లు కొన్నాడు. ఒకరోజు బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. అంతే లా.”

“ముందుగా చెప్పలేదా?”

“ఆ కుర్రాళ్ళకు గదులు మాట్లాడే ఆఫీసరు ఒకడుండేవాడు. వాడికి తెలిసే ఉంటుంది. ఆ ముందు వారం కూడా మా దగ్గర బీరు తాగి, వచ్చే వారం కలుద్దాం అని చెయ్యి ఊపి వెళ్ళాడు.”

ఆ ఆఫీసరు మీద నాకు కోపం వచ్చింది. “ఎంత మోసం” అన్నాను. అంకుల్ భుజాలెగరేసి, ఆ హోటల్ ఉన్న చోట ఇప్పుడు బట్టల కొట్లు ఉన్నాయని చెప్పాడు. రోడ్డుకు రెండు వైపులా చెట్లు ఎవరో దువ్వెనతో దువ్వినట్టున్నాయి. టాక్సీలో మీటరు ఎంత చూపితే అంతే తీసుకుని, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. బేగంపేటలో విమానం దిగి ఆటో బేరం చేయడం అలవాటైన నాకు, ఏమీ వాదించకుండా బండి దిగడం వింతగా ఉంది.

టిష్యూ పొట్లం

శుక్రవారం ఆఫీసులో ఐదుగురినీ కలిశాను. వాళ్ళలో పెద్దవాడు మురళి. అద్దంకి దగ్గరివాడు. ఆరేళ్ళ కిందట హైదరాబాదులో అతన్ని ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలోకి తీసుకున్నది నేనే. సింగపూర్ పంపినదీ నేనే. మిగతా నలుగురూ పెళ్ళికాని కుర్రాళ్ళు. సోఫా కొన్నవాడు డబ్బు కట్టే భాగం మొత్తం మురళి రాసినదే. అది ఎలా నడుస్తుందో అతనికి తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

గోడ మీద ఒక ఫోటో ఉంది. ముందు సంవత్సరం డిసెంబరు చివరి రాత్రి తీసినది. కంప్యూటర్లన్నీ రెండు వేల సంవత్సరాన్ని పంతొమ్మిది వందల సంవత్సరం అనుకుని ఆగిపోతాయని లోకమంతా భయపడిన రాత్రి. ఐదుగురూ బిస్కెట్ పొట్లాలతో తెరల ముందు కూర్చున్నారు.

“ఏమీ జరగలేదు సార్” అన్నాడు మురళి. “అమెరికావాళ్ళు ఫోన్లో చప్పట్లు కొట్టారు. ఏమీ జరగనందుకు చప్పట్లు కొట్టించుకున్నది మేమొక్కళ్ళమే.”

మధ్యాహ్నం ఫుడ్ సెంటరుకి తీసుకెళ్ళాడు. ఒకే కప్పు కింద చిన్న చిన్న కొట్లు, మధ్యలో బల్లలు. జనం కిటకిటలాడుతున్నారు. ఒక బల్ల ఖాళీగా కనిపిస్తే గబగబా వెళ్ళి కూర్చున్నాను. దాని మీద టిష్యూ కాగితాల చిన్న పొట్లం ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని, అందులోంచి ఒకటి లాగి చెమట తుడుచుకున్నాను. రెండోది లాగి మెడ కూడా తుడుచుకున్నాను. ఇంతలో పళ్ళెం పట్టుకుని ఒక చైనా అమ్మాయి వచ్చి నా ముందు నిలబడింది. తన పొట్లం వంక, నా మెడ వంక చూసింది.

మురళి పరుగున వచ్చి సారీలు చెప్పి నన్ను లేపాడు. “అది చోప్ సార్. సీటు ఆపుకున్నట్టు గుర్తు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం చూడండి, అదే.”

“మనవాళ్ళు కర్చీఫ్ పక్కకి నెట్టి కూర్చుంటారుగా.”

“ఇక్కడ నెట్టరు. పొట్లం పెట్టారంటే మాట ఇచ్చినట్టే.”

చేపల పులుసు, అన్నం, క్యాబేజీ కూర మూడు డాలర్లలోపే. పులుసులో చింతపండు ఉంది కానీ కొబ్బరిపాలు కూడా పోశారు. మన నాలుకకు అది అర్థమయ్యేలోగా గిన్నె ఖాళీ అయింది. తింటూ మురళి, ఆదివారం ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. ఒక విషయం అడగాలని, అది ఇంట్లోనే అడుగుతానని అన్నాడు.

శనివారం పొద్దున

హోటల్ గదిలో టీవీ పెట్టేసరికి అమెరికా షేర్ మార్కెట్ కూలిన వార్త వస్తోంది. ఎర్ర బాణాలన్నీ కిందికే. న్యూయార్కులో తలలు పట్టుకుని కూర్చున్నవాళ్ళను పదే పదే చూపిస్తున్నారు. ఇంటర్నెట్ కంపెనీల షేర్లు అన్నిటికన్నా దారుణంగా పడ్డాయన్నారు. నేను షేర్లు కొన్నవాణ్ణి కాదు. సినిమా చూసినట్టు చూస్తూ, బ్రెడ్డు ముక్కకి వాళ్ళిచ్చిన కొబ్బరి జామ్ రాసుకుంటున్నాను.

అప్పుడు హైదరాబాదు నుంచి మా ఎండీ ఫోన్ చేశారు.

“రావు గారూ, సోఫాల వాళ్ళ పని అయిపోయింది. వాళ్ళకి డబ్బు పెట్టేవాళ్ళు చేతులెత్తేశారు. కొద్ది వారాల్లో మూసేస్తారు. మన సింగపూర్ ఆఫీసు కూడా దాంతోనే.”

“మనవాళ్ళు?”

“ఇండియాలో ఎక్కడైనా చూద్దాం. ముందు ఇది వినండి. పని పూర్తిగా అప్పగిస్తేనే ఆఖరి బిల్లు ఇస్తామంటున్నారు. ఇది ముగిసేదాకా ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా ఆ మురళి కదలకూడదు. మీ మాట వింటాడుగా?”

“వింటాడు” అన్నాను.

ఆ ఒక్క మాటతో ఒప్పుకున్నట్టయింది. నాకు పిల్లల ఫీజులున్నాయనీ, ఈ వయసులో ఎండీకి ఎదురు చెబితే ఎక్కడికి పోతాననీ అప్పుడు లోపల చెప్పుకున్నాను. ఇవి అందరూ చెప్పుకునేవే. ఆ కుర్రాళ్ళకూ చెప్పుకోవడానికి ఇలాంటివే ఉంటాయన్నది ఆ నిమిషంలో తట్టలేదు.

ఆ సాయంత్రం నది ఒడ్డున తిరిగాను. అందరూ బాగుందనే చోటే. నాకు గుర్తున్నది బెంచీ మీది తడి ఒక్కటే.

సెరంగూన్ రోడ్డు

మురళివాళ్ళింటికి పళ్ళు, పూలు కొందామని ఆదివారం పొద్దున్నే, మనవాళ్ళ కొట్లుండే సెరంగూన్ రోడ్డుకి వెళ్ళాను. మల్లెపూల వాసన, ఇడ్లీల ఆవిరి, క్యాసెట్ల కొట్లో తమిళ పాట. మూర పువ్వుల ధర అడిగి మనసులో రూపాయల్లోకి మార్చుకుని, మార్చకుండా ఉంటే బాగుండేదనుకున్నాను. సెలవు రోజు కావడంతో పనివాళ్ళు వందల్లో వచ్చి, ఖాళీ స్థలంలో గడ్డి మీద గుంపులుగా కూర్చున్నారు. ఒక గుంపులో తెలుగు వినిపించింది. పలకరిస్తే జరిగి చోటిచ్చారు.

వాళ్ళలో లింగయ్య అనే ఆయన కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. ఓడలు బాగుచేసే యార్డులో రంగు గీకే పని. నేను కంప్యూటర్లవాణ్ణని తెలిసి, “సార్, నిన్న టీవీల చూపిచ్చిండ్రు. అమెరికోళ్ళకి మళ్ళేమయింది?” అని అడిగాడు.

“మళ్ళీ అంటే?”

“వాళ్ళకేమన్న అయితే మాకు భయం సార్. నేను కువైట్‌ల ఉంటి.”

పక్కనున్నవాడు నవ్వాడు. “మొదలువెట్టిండు. ఇగ ఆపడు.”

“నువ్వు ఊకో రా. సారుకి తెల్వద్దా?” అని లింగయ్య నా వైపు తిరిగాడు. “ఒక సేటు ఇంట్ల వంట జేసేటోణ్ణి. ఇరాక్ మిలిట్రీ వచ్చింది, సేటు కారేసుకొని పోయిండు. ఇంటి చాబి గూడ ఇయ్యకపాయె. మేం లారీలెక్కి జోర్డాన్ దిక్కు వోయినం. ఎడారిల డేరాలు. నీళ్ళ లారీ వస్తె పానాలకు తెగించి ఉరికేటోళ్ళం. మనోళ్ళు విమానమేసి బొంబాయి తెచ్చి ఇడిసిండ్రు.”

“తర్వాత యుద్ధం టీవీలో చూశారా?”

“ఊర్ల హోటల్ కాడ చూసిన. అమెరికోళ్ళు బాంబులేస్తుంటె రాత్రిపూట పటాకులు కాల్చినట్టే ఉండె. అందరు మంచిగుంది అని చూస్తుండ్రు. నేను ఏ గల్లీల కూరగాయలు కొంటి, ఏడ చాయ తాగితి, అది దేవులాడుతున్న.” ఒళ్ళోని పొట్లం విప్పుతూ, “మళ్ళ కువైట్ పొయ్యే దారి బందయింది. ఏజెంటుకి ఇంకోసారి కట్టి ఇటొచ్చిన. ఇగ ఈడ గూడ ఏమన్న అయితదా సార్?” అన్నాడు.

ఓడల పనికి, సోఫాల కంపెనీకి సంబంధం లేదు. ఆయనకు ధైర్యం చెప్పడం తేలిక. “మీకేం కాదు” అని గట్టిగా చెప్పాను. ఆయన తన పొట్లంలోంచి ఒక గారె తీసి నాకిచ్చాడు. ధైర్యం చెప్పడం నాకు బాగా వచ్చునని అనిపించింది. ఆ నమ్మకంతోనే రైలెక్కి టోవా పాయోలో దిగాను.

టోవా పాయో

మురళివాళ్ళది ఎత్తైన భవనంలో పన్నెండో అంతస్తు. ఒక చైనా ముసలమ్మ ఫ్లాటులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. వంటిల్లు ఇద్దరిదీ. వంటింటి కిటికీలోంచి బయటికి చాచిన వెదురు గడల మీద, అంత ఎత్తున, బట్టలు ఆరేస్తారు. మురళి చొక్కాల పక్కనే ముసలమ్మ పూల జాకెట్లు ఎగురుతున్నాయి.

మురళి భార్య సునీతకు ఆరో నెల. “రండి అన్నయ్య గారూ” అని కుర్చీ వేసింది. ఏడేళ్ళ కూతురు హంస అక్కడి బళ్ళో ఒకటో తరగతి. వాళ్ళు మాట్లాడే తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లిషులో ఇస్తుంది.

గోంగూర దొరక్క మార్కెట్లో ఏదో పుల్లటి ఆకు తెచ్చి పచ్చడి చేశారు. కంద వేపుడు, ముద్దపప్పు, రొయ్యల కూర. ముసలమ్మ తన వంతుగా బొప్పాయి ముక్కలు కోసి పంపింది. నేను తీరిగ్గా కలుపుకుంటుంటే హంస గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

“అంకుల్, యూ ఈట్ సో స్లో లా.”

“తెలుగులో చెప్పవే. పెద్దాయన్ని అట్టా అంటారా?” అంది సునీత.

“స్లో ఈజ్ నాట్ బ్యాడ్ వర్డ్, అమ్మా.”

అందరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే మురళి అడిగాడు.

“సార్, ఇక్కడొక బ్యాంకు వాళ్ళు నన్ను పిలిచారు. ఉద్యోగం ఇస్తామంటున్నారు. వస్తానో రానో రేపు పొద్దున్నే చెప్పమన్నారు.”

“మంచిదేగా.”

“మంచిదే. ఇక్కడ ఉండి పనిచేసే పాస్ కూడా వాళ్ళే చేయిస్తారు. కానీ మీరు తెచ్చిన మనిషిని. మీకు చెప్పకుండా ఒప్పుకుంటే ఏం బావుంటది? మన పని గట్టిగా ఉంటే నేనెక్కడికీ పోను. నిన్న టీవీలో చూసి ఈమె భయపడతా ఉంది.”

సునీత వడ్డించడం ఆపి నా వైపు చూసింది. “కాన్పు ఇక్కడే అనుకున్నాం అన్నయ్య గారూ. డాక్టరమ్మ బాగా చూస్తోంది. మీరొక మాట చెబితే మాకు నిమ్మళం.”

మనవాళ్ళలో ఇది మామూలే. పనిలోకి తెచ్చినవాణ్ణి అడగకుండా ఇంకోచోట ఒప్పుకోవడం కృతఘ్నత అనుకుంటారు. కాగితం మీద అలాంటి షరతు ఎక్కడా ఉండదు. పైవాళ్ళం ఆ మర్యాదను వాడుకుంటాం. అక్కడ ఉద్యోగం పోతే ఉండనిచ్చే కాగితం కూడా పోతుంది. కొద్ది వారాల్లో దేశం వదలాలి. ఆ ఇంట్లో అందరికీ అది తెలుసు. నాకూ తెలుసు.

“మార్కెట్ పడటం, లేవటం ఉండేదే” అన్నాను. “మన పనికి ఢోకా లేదు. ఇది పూర్తయ్యేదాకా ఉండు. తర్వాత నేను చూస్తాను.”

మురళి ముఖం తేటపడింది. “చెప్పానా?” అన్నాడు భార్యతో. ఆమె నాకింకొంచెం రొయ్యల కూర వేసింది. నేను వద్దనలేదు.

చోవా చూ కాంగ్

సోమవారం పొద్దున మురళి బ్యాంకుకి ఫోన్ చేసి రానని చెప్పాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. అద్దం తలుపు అవతల అతను వినయంగా తల ఊపుతూ మాట్లాడటం కనిపించింది. లేచి వెళ్ళి ఆపడానికి నాలుగడుగులు చాలు. కాఫీ తాగుతూ కూర్చున్నాను.

కొద్ది వారాలన్నది నాలుగు రోజులు కూడా ఆగలేదు. మంగళవారం పొద్దున కాలిఫోర్నియా నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీ మూసేశారు, పని ఉన్నపళంగా ఆపమన్నారు. ఏ బిల్లు కోసం నేను అబద్ధం చెప్పానో అది కూడా ఇవ్వడానికి అక్కడ మనిషి లేడు. మధ్యాహ్నానికి మా ఎండీ నుంచి, ఆఫీసు మూసెయ్యమని కబురు.

సాయంత్రం అందరం చోవా చూ కాంగ్‌లో నలుగురు కుర్రాళ్ళు ఉండే ఫ్లాటులో చేరాం. ఊరికి పడమటి చివర, రైల్లో చాలాసేపు. అచ్చు పోసినట్టుండే భవనాలు వరసగా వెళుతుంటే కిటికీలు చూస్తూ కూర్చున్నాను. ఫ్లాటులో పెద్ద కుక్కరు అన్నం, ఒక ఆవకాయ సీసా. ఎవరికీ ఆకలి లేదు.

“సోఫా ఒక్కటన్నా అమ్మారంటావా వాళ్ళు?” అన్నాడు ఒకడు.

“మనం టెస్టింగుకి కొన్నవే అయ్యుంటాయి” అన్నాడు ఇంకొకడు. “నేనొక్కణ్ణే నలభై మంచాలు కొన్నాను.”

నవ్వు వచ్చి ఆగిపోయింది. మురళి లేచి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నా ముఖం ఎలా ఉందో ఏమో, నన్నే ఓదార్చాడు.

“మీరేం చేస్తారు సార్? అమెరికావాళ్ళు చేసిన పని. మీకు మాత్రం ముందే తెలుసా ఏంది?”

దానికి జవాబు చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నేను తల అడ్డంగా ఊపాను. అంటే రెండోసారి అబద్ధం. ఆదివారంది కంపెనీ కోసం అనుకోవచ్చు. ఇది అచ్చంగా నా కోసం.

బ్యాంకులో

బుధవారం ఎవరికీ చెప్పకుండా ఆ బ్యాంకుకి వెళ్ళాను. ఉద్యోగాలు చూసే అధికారిణి, చైనా ఆవిడ, చాలాసేపు కూర్చోబెట్టి పిలిచింది. మురళి పై అధికారినని, అతను రానన్నది నా తప్పుడు మాట వల్లేనని, మళ్ళీ తీసుకోమని చెప్పాను. ఇంగ్లిషులో చెప్పడం వల్ల సిగ్గు కొంచెం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

“సోమవారం నేను రెండుసార్లు అడిగాను” అందావిడ. “నిజంగానే వద్దా అని. మా బాస్ నాకు మేలు చేసినవాడు, ఆయన ఉండమన్నాడు అని చెప్పాడు.”

“ఆ బాస్‌ని నేనే.”

“తెలుస్తూనే ఉంది.”

ముందురోజే న్యూయార్క్‌లోని వాళ్ళ పెద్దాఫీసు నుంచి ఆదేశం వచ్చిందట. కొత్తవాళ్ళనెవరినీ తీసుకోకూడదు. సోమవారం అతను అవునని ఉంటే ఉద్యోగం ఇచ్చిన కాగితం చెల్లేదట. ఆవిడ కఠినంగా ఏమీ అనలేదు. లేచి తలుపు తీసి పట్టుకుంది. అంతే.

మన పిల్లల చరిత్ర పుస్తకాల్లో వియత్నాం యుద్ధం, గల్ఫ్ యుద్ధం ఒక్కో పేరాలో ముగుస్తాయి. ఈ మార్కెట్ కూలడం కూడా రేపు ఒక పేరా అవుతుంది. అందులో అమెరికా అధ్యక్షులుంటారు. కింద ఎక్కడో కబురు తెలిసీ చెప్పని మనుషులు ఉండరు. ప్రతి దేశంలోనూ వాళ్ళు కావలసినంతమంది ఉంటారని నాకు బ్యాంకు మెట్లు దిగుతుంటే తెలిసింది.

ఇంటి కింద

అక్కడ నుంచి నేరుగా టోవా పాయో వెళ్ళాను. ఆ భవనాల్లో నేల అంతస్తులో ఇళ్ళుండవు. స్తంభాల మధ్య ఖాళీగా వదిలేస్తారు. పెళ్ళి విందులు, చావు కార్యాలు అక్కడే చేసుకుంటారట. ఆ రోజు ఇద్దరు ముసలివాళ్ళు రాతి బల్ల మీద చదరంగం లాంటిది ఆడుతున్నారు. మురళిని కిందికి పిలిచి చెప్పాను.

“నాకు ముందే తెలుసు మురళీ. నీకు తెలిసీ అబద్ధం చెప్పాను.”

అతను బల్ల మీది ఆట వైపు చూశాడు.

“ఎప్పుడు తెలిసింది?”

“శనివారం పొద్దున.”

“అంటే మా ఇంటికి వచ్చేటప్పటికే.”

“అవును.”

“నిన్న అడిగితే కూడా లేదన్నారు.”

“అవును.”

బ్యాంకుకి వెళ్ళిన సంగతి చెప్పాను. అది విని తల ఊపాడు, నాకు మాత్రమే సంబంధించినదేదో విన్నట్టు. “ఇప్పుడు చెప్పినందువల్ల మీకు బరువు తగ్గింది సార్. నాకేం తగ్గిందో చెప్పండి” అన్నాడు.

నేను పైకి వచ్చి సునీతకు క్షమాపణ చెబుతానన్నాను.

“పైకి రాబాకండి.” గొంతు పెంచలేదు. “ఆమె మిమ్మల్ని అన్నయ్య గారు అంటా ఉంది. ఆ మాట ఆమె నోటి నుంచి నేను తీయించలేను.”

లిఫ్టు దాకా నడిచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సెలవు పెట్టి మరికొన్ని రోజులు ఉన్నాను. మురళి వివరాలున్న కాగితాలు పట్టుకుని తెలిసిన కంపెనీలకీ తెలియని కంపెనీలకీ తిరిగాను. అన్నిచోట్లా చల్లటి గదులు, మర్యాద, టీ. అన్నిచోట్లా అమెరికా నుంచి కబురు కోసం చూస్తున్నామనే జవాబు. కుర్రాళ్ళలో ఒకడికి చిన్న పని దొరికింది. మురళికి దొరకలేదు. నెలన్నర తర్వాత, సునీతను విమానం ఎక్కనివ్వని నెలలు రాకముందే, వాళ్ళు ఇండియా వచ్చేశారు. హంసను ఒంగోలులో బళ్ళో వేశారని, తెలుగు చదవలేక మొదటి నెలంతా ఏడ్చిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. నా ఫోన్లు మురళి తీయలేదు. తీయాలని అనుకునే హక్కు నాకు లేదు.

తిరిగి వచ్చాక

మా కంపెనీలో నేను మరికొన్నాళ్ళు అదే కుర్చీలో ఉన్నాను. ఆ సంవత్సరం వానాకాలంలో ఎండీ నన్ను బెంగళూరు వెళ్ళమన్నారు. అక్కడ ఏడుగురి జట్టు, వాళ్ళ పనీ ఒక అమెరికా కంపెనీదే, అదీ మూతపడబోతోంది. “పని అప్పగించేదాకా గుట్టుగా ఉంచండి. మీకు అలవాటేగా” అన్నారు. ఎగతాళికి కాదు, మెచ్చుకోలుగానే అన్నారు.

బెంగళూరులో దిగిన పొద్దున్నే ఏడుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నాకు తెలిసిందంతా చెప్పాను. ఎవరికైనా వేరేచోట మాట అయి ఉంటే నన్ను అడగొద్దని, నన్ను తలుచుకోవద్దని, ఇప్పుడే ఒప్పుకోమని చెప్పాను. ఒకతను నమ్మలేదు. ఇంకొకతను నన్ను తిట్టాడు. మధ్యాహ్నం ఎండీ ఫోన్లో, రేపటి నుంచి ఆఫీసుకు రావద్దన్నారు. సరేనని ఫోను పెట్టేసి బ్యాగు సర్దుకుని బయటికి వచ్చాను.

మెట్ల మీద ఆ జట్టులోని అమ్మాయి ఒకతె గోడ వైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. నేను దిగి వెళ్ళేందుకు పక్కకి జరిగింది కానీ మాట ఆపలేదు.

“అవునండీ, వస్తాను. ఎవర్నీ అడగక్కర్లేదు. సోమవారమే చేరతాను.”